మెట్లమీది శ్రుతి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ప్రదర్శన సంప్రదాయంలో హార్మోనియం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. ప్రధానంగా పాత వరంగల్లు జిల్లా నుంచి, కొంతమేర కరీంనగర్, ఖమ్మం జిల్లాల నుంచి వీటిని విడదీశారు. ఈ నేల సంగీత చరిత్ర ప్రస్తావనకు రాగానే పరిశోధకుల చూపు కాకతీయ యుగంవైపు మళ్లుతుంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో పేర్కొన్న వీణాభేదాలు, జాయపసేనాని నృత్తరత్నావళి, పాలంపేట రామప్పగుడి స్తంభాలపై మద్దెల వాయించే స్త్రీమూర్తులు, గణపురం కోటగుళ్లు ఇందుకు ఆధారాలు. వీటిపై వచ్చిన వ్యాసాలకు కొదవలేదు. అయితే గడచిన నూరేళ్లలో ఈ మూడు జిల్లాల ఊళ్లలో రాత్రి పొద్దుపోయాక నిజంగా మోగిన వాద్యం మాత్రం ఈ చరిత్రలో కానరాదు. అది హార్మోనియం. విదేశీయమన్న కారణంతో సంగీత చరిత్రకారులు దాన్ని వదిలేశారు. వాద్యం గనుక తమ పరిధి కాదని సాహిత్య చరిత్రకారులు వదిలేశారు. నాటకం, యక్షగానం, భజన, క్రైస్తవ కీర్తన అనే నాలుగు వాఙ్మయ శాఖలు జనం చెవికి చేరినది ప్రధానంగా ఈ పెట్టె తోడుగానే కనుక ఈ రెండు ఉపేక్షలూ సమర్థనీయం కావు.

ఈ వాద్యం ప్రభావం ఎంత లోతుగా దిగిందో తెలుసుకోవటానికి మొదట పరిశీలించదగినది ఒక భాషా విషయం. తెలుగు గాయకులు తమ ఆధారశ్రుతిని చెప్పే తీరు అందరికీ పరిచితమే: ఒకటి శ్రుతి, ఒకటిన్నర శ్రుతి, రెండు, రెండున్నర, మూడు, నాలుగు, నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. ఈ వరుసలో మూడున్నర లేదు. ఏడున్నర కూడా లేదు. ఈ లోపానికి కారణం సంగీతశాస్త్రంలో వెతికితే దొరకదు. రత్నాకరంలో గాని, చతుర్దండిప్రకాశికలో గాని ఇటువంటి లెక్క లేదు. హార్మోనియం మెట్ల వరుస చూస్తే కారణం కంటికే కనిపిస్తుంది. తెల్లమెట్లకు పూర్ణసంఖ్యలు, నల్లమెట్లకు అరలు వచ్చినవి. మూడో తెల్లమెట్టుకు, నాలుగో తెల్లమెట్టుకు నడుమ నల్లమెట్టు లేదు. ఏడో మెట్టు తరువాత కూడా లేదు. అందుచేత ఆ రెండు అరలు భాషలోనూ లేవు. తమిళులు శ్రుతిని కట్టైల్లో చెప్పడం దీనికి సమాంతరం. కట్టై అంటే కొయ్య, ఇక్కడ కొయ్యమెట్టు. హిందూస్తానీ గాయకుల సఫేద్ ఏక్, కాలీ దో అన్న మాటలైతే మెట్టు రంగునే చెప్పేస్తున్నవి. హైదరాబాదు రాజ్యంలో ఈ రెండు సంప్రదాయాలు పక్కపక్కన బతికినవి. హార్మోనియం ముట్టనని వ్రతం పట్టిన విద్వాంసుడు సైతం తన శ్రుతిని ఆ పెట్టె లెక్కలోనే చెప్పుకోవలసి వచ్చింది. వాద్యాన్ని వేదిక దించవచ్చును గాని నాలుక మీదినుంచి దించడం సాధ్యం కాలేదు.

వాద్య నిర్మాణాన్ని గురించి నాలుగు మాటలు అవసరం. పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ 1840ల ఆరంభంలో హార్మోనియం పేరిట హక్కుపత్రం పొందిన వాద్యం కాళ్లతో తొక్కేది. తిత్తిలోని గాలి ఇత్తడి రేకుల మీదుగా పోతున్నప్పుడు రేకు కంపించి ధ్వని పుడుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో రేకు. ఆ రేకునే వాద్యకారులు రీడు అంటారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో నెలకొల్పిన ద్వారకిన్ సంస్థ ఈ వాద్యాన్ని నేలమీద కూర్చొని వాయించే వీలుగా మలచింది. తిత్తి వెనకకు వచ్చింది, ఒక చేయి తిత్తికి, ఒక చేయి మెట్లకు అన్న విభజన ఏర్పడింది. ఈ మార్పు చిన్నది కాదు. కాళ్లతో తొక్కే పెట్టెకు రెండు చేతులూ మెట్ల మీద ఉంటవి. కింది స్థాయిలో ఆధారషడ్జం పట్టి పై స్థాయిలో వరుస నడపవచ్చును. ధ్వని కూడా బలంగా ఉంటుంది. మైకులు లేని కాలంలో నాటకసమాజాలు కాళ్ల హార్మోనియాన్నే కోరుకున్నవి. చేతిపెట్టె మోసుకుపోవటానికి అనువైనది. ఊరూరా తిరిగే బృందాలకు, భజన మండళ్లకు, ఇళ్లలో జరిగే ప్రార్థనలకు అది చాలింది. వరంగల్లు పరిసరాల్లో ఒట్టి ‘పెట్టె’ అంటే అర్థమయ్యే స్థితి ఈ రెండోదాని వల్ల వచ్చిందే.

వాద్యంపై వచ్చిన ఆక్షేపణ కూడా పాతదే. ఆనంద కుమారస్వామి 20వ శతాబ్ది తొలి దశకంలోనే దీన్ని నిరసించాడు. 1914లో వెలువడిన తన గ్రంథంలో ఫాక్స్ స్ట్రాంగ్‌వేస్ ఈ పెట్టె నాటకశాలను, ఇంటిని ఆక్రమించి ఇక గుడివైపు నడుస్తున్నదని వాపోయాడు. శత్రువు సాక్ష్యానికి విలువ ఎక్కువ అన్న న్యాయం ప్రకారం చూస్తే, 1914 నాటికే భారతీయ నాటకశాల హార్మోనియం చేతికి వచ్చిందనటానికి ఇంతకంటె ఆధారం అక్కరలేదు. రవీంద్రనాథుడు శాంతినికేతనంలో దీన్ని దూరంగా ఉంచాడు. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫోల్డ్స్ 1938లో దీనికి వ్యతిరేకంగా వ్రాశాడు. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి తన కేంద్రాల్లో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం పాక్షికంగానైనా సడలటానికి 1971 దాకా ఆగవలసివచ్చింది.

ఇక్కడ ప్రాంతీయ చరిత్రకు సంబంధించిన ఒక అంశం గమనార్హం. 1940లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ నిజాం రాజ్యంలోనివి. 1935లో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చిన హైదరాబాదు రేడియో ఆకాశవాణిలో భాగం కాదు. 1950 ఏప్రిల్ 1న మాత్రమే అందులో విలీనమైంది. కనుక బ్రిటిష్ ఆంధ్రలోని శ్రోతకు, తెలంగాణలోని శ్రోతకు ఈ నిషేధం ఒకే నాడు మొదలైన విషయం కాదు. నిషేధ చరిత్రను అఖిల భారత కథగా చెప్పేవారు ఈ పదేళ్ల తేడాను లెక్కలోకి తీసుకోవటం లేదు. అంతకంటె ముఖ్యమైనది, ఊరి చావడి ముందు మోగే పెట్టెకు ఢిల్లీ ఆజ్ఞతో ఎన్నడూ పనిపడలేదు.

ఆక్షేపణలో సత్యం లేదనటం తగదు. స్థాయిని 1200 సెంట్లుగా విభజించి లెక్కించే పద్ధతి ఒకటి ఉంది. భూమి కొలిచే సెంటుకు, దీనికి సంబంధం లేదు. హార్మోనియంలో ప్రతి మెట్టుకు మధ్య దూరం సమంగా 100 సెంట్లు. తంబురా నాదంలో సహజంగా పలికే అంతరగాంధారం షడ్జం నుంచి 386 సెంట్ల దూరంలో ఉంటే, పెట్టె మీద అది 400 దగ్గర పలుకుతుంది. అంటే 14 సెంట్లు హెచ్చు. సాధారణగాంధారం 316కు బదులు 300, అంటే 16 తక్కువ. కాకలినిషాదం 1088కి బదులు 1100. పంచమం మాత్రం 702కు 700, చెవికి తెలిసే తేడా కాదు. మోహనలో గాంధారం మీద నిలిస్తే ఈ దోషం బయటపడుతుంది. కంపితం, జారు వంటి గమకాలు మెట్ల మీద పలకవన్నది రెండో ఆక్షేపణ. అదీ నిజమే.

అయితే దోషం తెలిసీ ఎందుకు స్వీకరించారన్న ప్రశ్న మిగులుతుంది. తక్కువ ధర, నేర్వటంలో సౌలభ్యం, గట్టి ధ్వని అన్న మూడు కారణాలు సాధారణంగా చెబుతారు. ఇవి తప్పు కావు, చాలవు. ఒక పోలిక ఇందుకు దారి చూపుతుంది. 1910లలో క్లెమెంట్స్, దేవల్ అనే ఇద్దరు 22 శ్రుతుల హార్మోనియాన్ని రూపొందించారు. శాస్త్రదృష్టితో అది మేలైనది. అయినా నాటకసమాజాలు దాన్ని ముట్టలేదు. స్వరాలను సహజస్థానాల్లో అమర్చిన పెట్టె ఒక్క షడ్జానికే సరిపోతుంది. షడ్జం మారిస్తే దోషాలు మునుపటికంటె పెరుగుతవి. ఒకే గాయకుడు ఒకే శ్రుతిలో పాడే కచేరీలో ఇది చిక్కు కాదు. ఒకే రాత్రి పదిమంది పాత్రధారులు పది శ్రుతుల్లో పాడే వేదిక మీద అది పనికిరాని వస్తువు. హరిశ్చంద్రుడు ఒక శ్రుతిలో పద్యం ముగించగానే చంద్రమతి మరో శ్రుతిలో ఎత్తుకోవాలి. తంబురా అయితే తీగలు సవరించుకోవాలి, హార్మోనిస్టుకు వేలు జరిపితే చాలు. ప్రతి షడ్జానికీ సమానంగా కొద్దిగా తప్పుగా ఉండే పెట్టె మాత్రమే అందరికీ సమానంగా ఉపయోగపడుతుంది. సమవిభక్త శ్రుతి అనేక గొంతులు కలిసి పనిచేసే చోట కుదిరిన రాజీ. దీన్ని అజ్ఞానంగా చూసినవారు ఒంటరి గాయకుని కచేరీని కొలమానంగా పెట్టుకున్నవారు.

ఈ ప్రతిపాదనను పరీక్షించటానికి జనగామ జిల్లా అనువైన క్షేత్రం. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాలుగా చిందు యక్షగానాన్ని ప్రదర్శించి 2024లో పద్మశ్రీ పొందారు. చిందువారు మాదిగలను ఆశ్రయించిన కళాకారులు. జాంబపురాణం మొదలుకొని భారత, భాగవత కథల వరకు ఆడతారు. మిరాశి గ్రామాల మీద వారికి వంశపారంపర్యమైన హక్కు ఉండేది. హార్మోనియం, మద్దెల, తాళాలు, గజ్జెలు వారి వాద్యసామగ్రి. చిందులో స్త్రీలు కూడా వేషం కడతారు. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పురుషపాత్రలతోనే పేరు పొందింది. పురుషులు, స్త్రీలు, పెద్దలు, పిన్నలు వంతులవారీగా ముందుకు వచ్చి దరువు ఎత్తుకునే రూపం ఇది. పెట్టె లేకుండా తెల్లవార్లూ ఇన్ని గొంతులను ఒక కట్టున ఉంచడం కష్టం.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ అదే జిల్లాలో ఉంది. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చి 2017లో మరణించారు. ఒగ్గు, డోలు, నపీరా, తాళాలు ఒగ్గుకథ వాద్యాలు. సంప్రదాయ ఒగ్గుకథ హార్మోనియాన్ని ఆశ్రయించలేదు. పొరుగు ఊళ్లలో, అవే జాతరలలో, అదే ధరకు పెట్టె దొరుకుతున్నప్పుడు ఒకరు తీసుకొని మరొకరు ఎందుకు తీసుకోలేదు? ధర, సౌలభ్యం అనే కారణాలు ఇక్కడ జవాబు చెప్పలేవు. ఒగ్గుకథలో ప్రధాన కథకుని గొంతు ఒక్కటే శ్రుతిని నిర్ణయిస్తుంది, వంతపాటవారు దాన్ని అనుసరిస్తారు. సర్దుబాటు చేయవలసిన రెండో షడ్జం అక్కడ లేదు. బుర్రకథలో తంబురా కథకుని భుజం మీదనే ఉండటం కూడా ఇటువంటిదే. బుర్రకథ దళం పక్కన హార్మోనియం కూర్చున్న సందర్భాలు లేకపోలేదు గాని, అది లేకపోతే కథ ఆగదు. ముఖ్య గొంతులు ఎన్ని అన్నదే పెట్టె రాకకు నిర్ణాయకమన్న ప్రతిపాదనకు ఈ రెండు కళారూపాలు బలమిస్తున్నవి.

పద్యనాటకం విషయంలో కాలక్రమం స్పష్టంగానే ఉంది. 1880లో ధార్వాడ నాటక సమాజం తెలుగు పట్టణాల్లో ప్రదర్శనలిచ్చింది. అదే ఏడు పుణేలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ సంగీత శాకుంతలం రంగమెక్కింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో సురభి సమాజం మొదలైంది. మరాఠీ రంగస్థలంపై గోవిందరావు టెంబే వంటి హార్మోనియం విద్వాంసులకు నటులతో సమానమైన గౌరవం దక్కింది. తెలుగులో మైలవరం బాలభారతీ సమాజంలో పాపట్ల కాంతయ్య వరుసలు కట్టి నటులకు నేర్పిన హార్మోనిస్టుగా ప్రసిద్ధుడు. ఈ సమాజాల వరుసలు కోస్తా నుంచి తెలంగాణ పట్టణాలకు నటులతో, హార్మోనిస్టులతో కలిసి ప్రయాణించినవి. భూపాలపల్లి జిల్లా ఉత్తరాన కాళేశ్వరం వద్ద గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడ తెలుగు మాట్లాడేవారు నేటికీ గణనీయంగా ఉన్నారు. మరాఠీ, తెలుగు భజనల వరుసల రాకపోకలను ఈ నదీతీరంలో పరిశీలించవలసి ఉంది.

వేదిక మీద హార్మోనిస్టు చేసే పనిని తోడు అనే మాటతో సరిపెట్టటం అన్యాయం. నటుడు పద్యం ఎత్తుకోకముందే రాగచ్ఛాయ చూపి శ్రుతి అందించడం, మరచిన పాదాన్ని వరుసతో గుర్తుచేయడం, రాగం తీస్తున్నప్పుడు ఊపిరి తీసుకునే చోటు నింపడం, వన్స్‌మోర్ పడితే మళ్లీ మొదటికి తేవడం అతని బాధ్యతలు. గమకం విషయంలో అతని ఉపాయం తెలివైనది. నటుని గొంతు జారుతున్నంతసేపు అతడు ఆ జారును అనుకరించటానికి పోడు. గొంతు చేరబోయే స్వరం మీద కాస్త ఆలస్యంగా వాలతాడు. పక్కమెట్టును తాకీ తాకనట్టు తాకి అసలు మెట్టుకు వస్తాడు. మెట్లకు నడుమనున్న ఖాళీని గొంతు నింపుతుంది, గొంతుకు కావలసిన గట్టు మెట్టు ఇస్తుంది. పెట్టె ఒక్కదానినే విని గమకం లేదన్నవారు సగం సంగీతమే విన్నారు.

నాటకం, చిందు కాకుండా హార్మోనియం మరో తోవన కూడా ఈ ప్రాంతానికి చేరింది. ఆ తోవ మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్లు గుండా సాగుతుంది. 1903లో ఏర్పడిన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఈ పరిసరాల్లో పనిచేసింది. ఆ సంస్థ ప్రముఖుల్లో ఒకరైన వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరులో డోర్నకల్లు బిషప్‌గా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్లు కెథడ్రల్ కట్టడంలో దేవాలయ, మసీదు నిర్మాణరీతులు కలగలిసి ఉన్నవి. ఆరాధన సంగీతంలోనూ ఆయన మార్గం ఇదే. పాశ్చాత్య బాణీలోని అనువాద గీతాల కంటె రాగతాళాల్లో కూర్చిన తెలుగు కీర్తనలను, భజనను ఆయన ప్రోత్సహించాడు. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్ది కవుల కీర్తనలు అప్పటికే సంఘాల నోట ఉన్నవి.

ఇందులో చరిత్రకారుని ఆపే విషయం ఒకటుంది. హెరిటేజ్ ఆఫ్ ఇండియా గ్రంథమాలకు సంపాదకులు ఇద్దరు: జె. ఎన్. ఫర్కుహార్, డోర్నకల్లు బిషప్ అజరయ్య. ఆ మాలలో 1921లో హెచ్. ఎ. పొప్లే వ్రాసిన ‘ది మ్యూజిక్ ఆఫ్ ఇండియా’ వెలువడింది. భారతీయ సంగీతాన్ని దాని లక్షణాలతోనే పరిచయం చేసిన తొలి చిన్న గ్రంథాల్లో అది ఒకటి. రాగ, తాళ, శ్రుతి విచారణ గల ఆ పుస్తకం మీద డోర్నకల్లు పేరు ముద్రితమై ఉండగా, డోర్నకల్లు మండలంలోని పల్లె సంఘాల్లో హార్మోనియం, కంజీర, తాళాలతో కీర్తన సాగింది. దీన్ని వైరుద్ధ్యంగా చూడనక్కరలేదు. ఆ సంఘాల్లో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబాలవారు; చాలామందికి అక్షరజ్ఞానం లేదు. పాట కంఠస్థం కావాలి, అందరూ ఒకే శ్రుతిలో పాడాలి. వీణ, వయొలిన్ వంటి వాద్యాల గురుకులాలకు ఈ కుటుంబాల ప్రవేశం సులభం కాని కాలమది. చిందుమేళంలో, చర్చిలో ఒకే పెట్టె కనిపించడం యాదృచ్ఛికం కాదు. ఏ శాస్త్రగ్రంథమూ దీన్ని ఒక కులానికి అప్పగించలేదు. ముట్టుకోవద్దనే సంప్రదాయమూ దీనికి లేదు. శ్రుతిశుద్ధి వాదాన్ని చదివేటప్పుడు ఈ సామాజిక సందర్భాన్ని పక్కన పెట్టడం కుదరదు.

పాత వాద్యాలను పాత వాద్యాలుగానే పలికించి వాటి కాలపు సంగీతాన్ని అర్థం చేసుకోవాలన్న దృష్టి యూరప్‌లో 20వ శతాబ్ది ఆరంభంలో బలపడింది. పియానో రాకతో మూలపడిన హార్ప్సికార్డును ఆర్నాల్డ్ డాల్మెట్ష్, వాండా లాండోవ్‌స్కా తిరిగి వేదిక మీదికి తెచ్చారు. వాద్యం మారితే వేగం, అలంకారం, వాక్యవిరుపు అన్నీ మారతవని వారి ప్రదర్శనలు నిరూపించినవి. తెలుగు నేలపై ఇప్పుడు హార్మోనియం ఆ హార్ప్సికార్డు స్థితికి చేరుకుంటున్నది. చిందులో, నాటకంలో, చర్చిలో ఎలక్ట్రానిక్ కీబోర్డు దాని స్థానం తీసుకుంటున్నది. కీబోర్డుకు తిత్తి లేదు. తిత్తి ఒత్తిడితో వచ్చే హెచ్చుతగ్గులు, నటుని ఊపిరితో వాద్యపు ఊపిరి కలిసే తీరు అందులో ఉండవు. మీట తిప్పితే శ్రుతి మారుతుంది గనుక, వేలు జరిపి షడ్జం మార్చే నేర్పు కూడా తరువాతి తరానికి అవసరం లేకుండా పోతున్నది.

పాత పెట్టె ఒక లిఖితాధారం వంటిదన్న సంగతి ఈ సందర్భంలో గుర్తించాలి. రీడు కొస దగ్గర ఆకురాయితో గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీస్తే తగ్గుతుంది. మూత తీసి చూస్తే ఏ రీడును ఎటు సవరించారో గీతలు చెబుతవి. గాంధారపు రీడును తగ్గించి ఉంటే, ఆ పెట్టె ఒకే షడ్జానికి ఎక్కువగా వాడబడిందని, వాడినవాని చెవికి ఆ 14 సెంట్లు తెలిసినవని ఊహించవచ్చును. రీడు ఎక్కడిదన్నది మరో ఆధారం. పారిస్, జర్మనీ రీడ్లను వాద్యకారులు నేటికీ అపురూపంగా చూస్తారు. తరువాతి కాలపు రీడ్లు గుజరాత్‌లోని పాలిటానా నుంచి వచ్చినవి. ఫ్రాన్సు 1859లో ప్రమాణశ్రుతిని 435 కంపనాలుగా నిర్ణయించింది. 1939లో లండన్ సమావేశం 440ని అంగీకరించింది. రెండింటికీ తేడా దాదాపు 20 సెంట్లు. కనుక పాత ఫ్రెంచి పెట్టె మీది నాలుగు శ్రుతి, నేటి కీబోర్డు మీది నాలుగు శ్రుతి ఒకటి కాకపోవచ్చు. పాత నటుల శ్రుతిని గురించి చెప్పుకునే గొప్పలను ఈ లెక్కతో తూచవలసి ఉంటుంది.

యక్షగాన, నాటక ప్రతుల పరిష్కరణలో ఈ విషయాలకు ఇంకా చోటు దొరకలేదు. ముద్రిత యక్షగానంలో దరువు మీద రాగం పేరు, తాళం పేరు ఉంటవి; అంతకుమించి ఏమీ ఉండదు. ఒకే రాగం పేరు కింద జనగామ మేళం పాడే వరుస, భూపాలపల్లి మేళం పాడే వరుస ఒకటేనా అన్నది ఆ ముద్రణ చెప్పలేదు. ఏ పాత్ర ఏ శ్రుతిలో ఎత్తుకున్నది, పాత్ర మారినప్పుడు షడ్జం ఎటు జరిగింది, హార్మోనియం ఎక్కడ ముందు నడిచి ఎక్కడ వెనక నడిచింది అన్న మూడు సంగతులు ప్రతి పక్కన నమోదైతే ప్రదర్శన పాఠం ఏర్పడుతుంది. ఇందుకు ఉపకరించే ఆధారం ఒకటి అనుకోని చోట ఉంది. పుస్తకాల్లో కవి పేరు, ప్రకాశకుని పేరు మాత్రమే దొరుకుతవి. ఊళ్లలో పంచిన నాటక కరపత్రాల్లో పాత్రధారుల జాబితా ముగిసిన తరువాత, తబలాకు ముందో వెనకో, హార్మోనియం అని వ్రాసి ఎదురుగా ఒక పేరు ఉంటుంది. ఆ పేరు పక్కన చాలాసార్లు ఊరి పేరు కూడా ఉంటుంది.